కళ్లు తెరవని గుర్రం

"దోసకాయ చేదుగా ఉంటుందా?" అని అడిగాడు ఎడ్విన్.

"ఉప్పు పడితే ఉండదు," అన్నాడు బండి మనిషి.

కోడ్ సరిపోయింది. ఎడ్విన్ అటూ ఇటూ చూసి బండికి దగ్గరగా జరిగాడు.

నంద్యాల బస్టాండు ముందు, తలకు తువ్వాలు చుట్టుకుని దోసకాయలు కోస్తున్న ఆ మనిషి పేరు శ్యాంసుందర్. బోర్డు లేని ఆఫీసులో, జీవోలో కనిపించని విభాగానికి చీఫ్. ఎడ్విన్ ఆ విభాగంలో ఏజెంట్. ఊరివాళ్లకు మాత్రం అతను వ్యవసాయ శాఖలో నేల పరీక్షలు చేసే ఉద్యోగి. కొత్తగా పెళ్లయినవాడు కూడా. ఈ రెండో సంగతి అతని ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఊరికే నవ్వుతుంటాడు.

"ఆపరేషన్ లగాం," అన్నాడు శ్యాంసుందర్ కత్తి ఆపకుండా. "రేపు ఆదివారం. హైదరాబాద్, మలక్‌పేట రేస్‌కోర్స్. టార్గెట్ డాక్టర్ సంజీవయ్య."

"క్షిపణుల సంజీవయ్య గారా?"

"ఆయనే. గుర్రాలంటే ప్రాణం. రేపు అక్కడ ఒక రాతి గుర్రాన్ని ఆవిష్కరిస్తున్నాడు. కోబాల్ట్ అనే విదేశీ ముఠా అక్కడే ఆయన్ను లేపేయాలని ప్లాన్ చేసింది. బాంబు తెస్తున్నది ఒక శిల్పి. ఉలుల పెట్టెలో. డిటొనేటర్ అక్కడ ఇస్తారు, కాబట్టి దారిలో పేలదు."

"ఎవరిచ్చారు సమాచారం?"

"హిమజ. ముఠాలో ఉన్న మన మనిషి. రేపటి ఫంక్షన్ ఏర్పాట్లన్నీ ఆమెవే. మన ఇయర్‌పీస్ ఛానెల్లో ఆమె కూడా ఉంటుంది."

దోసకాయ ముక్కలతో పాటు కాగితం మడతలో ఒక ఫోటో వచ్చింది. ఎడ్విన్ చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

ఆళ్లగడ్డ శిల్పి కొండయ్య. చర్చిలో సంఘ పెద్ద. ఎడ్విన్‌కు స్వయానా పిల్లనిచ్చిన మామ.

"సార్... పెళ్లై నెల కూడా కాలేదు."

"అభినందనలు. ఫంక్షన్ వాళ్లు కారు పంపిస్తామన్నా ఆయన వద్దన్నాడట, బస్సులోనే వస్తాడట. పక్కన కూర్చో. పెట్టె మీద కన్నుండాలి. అది చేతులు మారిన క్షణంలో అందుకున్నవాణ్ణి పట్టుకో. మీ మామకు బేడీలు కూడా నువ్వే వెయ్యి. నీ చేతుల్లో అయితే గొడవ చెయ్యడు."

ఎడ్విన్ ఫోటోను మళ్లీ మడతలో పెట్టాడు.

"ఉప్పు వెయ్యమంటావా?" అన్నాడు శ్యాంసుందర్.

* * *

ఇంట్లో నెయ్యి వాసన. ప్రియదర్శిని పెనం మీద పూర్ణం పెట్టిన ఓళిగ తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా గాజులు గలగలమంటాయి. ఈ చప్పుడు కోసమే ఎడ్విన్ రోజూ వంటింటి గడప మీద కూర్చుంటాడు. ఇవాళ ఆమె ఇచ్చిన ఓళిగ తుంచుకుంటూ కూర్చుని, నేల చూస్తూ అబద్ధం చెప్పాడు.

"రేపు హైదరాబాదులో ట్రైనింగ్. కొత్త మిషనేదో వచ్చిందంట."

"ఆదివారం ట్రైనింగ్ పెట్టేదేందప్పా? మీ ఆఫీసోళ్లకు చర్చి గిర్చి లేదా?" అంది ప్రియ. అంతలోనే ముఖం వెలిగింది. "అయితే మంచిదే! నాయన కూడా రేపే పోతాండాడు. ఏదో పెద్ద హోటల్లో ఆయన చెక్కిన గుర్రాన్ని పెడతాండారంట. ఒక్కడే పోతాడని అమ్మ ఒకటే గోల. నువ్వు తోడుంటే నాకు బెంగే లేదు."

హోటల్!

ఎడ్విన్ చేతిలో ఓళిగ ఆగిపోయింది. రేస్‌కోర్సును మామ హోటల్ అని ఎందుకు చెప్పాడు? తప్పు లేనివాడు ఇంట్లోవాళ్లతో అబద్ధమాడతాడా?

ఆ ప్రశ్న వేసుకున్న నోట్లో తన అబద్ధం ఇంకా తడారలేదని గుర్తొచ్చి, ఓళిగ గొంతు దిగలేదు.

"బాగలేదా?" అంది ప్రియ కంగారుగా.

"శానా బాగుంది."

"మరి అట్ల మొగం పెట్టినావేంది? రేపటికి డబ్బాలో పెడతా. నాయనకు రెండే ఇయ్యి, షుగరుంది. మిగిలినవి నువ్వు తినల్ల. నాయనను జాగ్రత్తగా పిల్చుకపోయి, జాగ్రత్తగా పిల్చుకరా."

* * *

తెల్లారేసరికి ఆళ్లగడ్డ నుంచి బస్సు నంద్యాల స్టాండులోకి వచ్చింది. కిటికీలోంచి ఒక తెల్ల తువ్వాలు ఊగుతోంది.

"అల్లుడూ! ఈడ! ఈడ! సీటు పెట్టినా!"

కొండయ్య పక్క సీటు మీద తువ్వాలు పరిచి, దాన్ని ఊరినుంచి కాపలా కాసుకుంటూ వచ్చాడు. కాళ్ల మధ్య చెక్కపెట్టె. దానికి చిన్న తాళం.

"కిటికీ పక్క నువ్వు కూచో నాయనా. గాలి తగులుతాది."

"వద్దు మామా, మీరే కూచోండి."

"కూచోప్పా! కొత్త పెండ్లికొడుకువి."

బలవంతంగా కిటికీ పక్క కూర్చోబెట్టాడు. ఎడ్విన్ చొక్కా రెండో గుండీలో కెమెరా ఉంది. చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్, నొక్కితేనే అవతలికి మాట పోతుంది. జేబులో, ఎంత తాళమైనా తీసే పెన్ను. ఇన్ని పరికరాలతో, తన కోసం సీటు పట్టిన మనిషి పక్కన కూర్చున్నాడు.

కండక్టర్ టికెట్ మిషన్ కిర్రుమంది. జొన్న చేల మీద ఎండ పడుతోంది. వేరే రోజైతే ఈ కిటికీ, ఈ ఎండ, డబ్బాలోంచి వచ్చే నెయ్యి వాసన, ఎడ్విన్ వెంటనే ప్రియకు ఫోన్ చేసి ఒక్కొక్కటీ చెప్పి ఉండేవాడు.

"హోటల్ ఎట్లుంటాది మామా?" అన్నాడు.

"ఉంటాదిలే... హోటల్ మాదిరి," అన్నాడు కొండయ్య, కళ్లు తిప్పేసుకుని. పెట్టె మీద చెయ్యి బిగించాడు.

"ఏజెంట్, రిపోర్ట్," అంది ఇయర్‌పీస్‌లో ఒక ఆడగొంతు. తేనె పూసినట్టుంది. హిమజ.

"పెట్టె ఆయన దగ్గరే ఉంది," అన్నాడు ఎడ్విన్ దగ్గినట్టు నటిస్తూ.

"దగ్గు వచ్చిందా నాయనా?" కొండయ్య తువ్వాలు తీసి అల్లుడి మెడకు చుట్టాడు.

కర్నూలులో బస్సు ఆగింది. "టీ తెస్తా, దీన్ని చూస్తాండు," అని పెట్టె అల్లుడి ఒళ్లో పెట్టి దిగాడు కొండయ్య.

పెన్ను తాళంలో తిరిగింది. మూత లేచింది. ఉలులు, సుత్తి, ఆకురాయి. వాటి కింద మైనపుగుడ్డలో చుట్టి, తాడుతో కట్టిన గుండ్రటి ముద్ద. బరువుగా ఉంది. ముడి సగం విప్పేసరికి కిటికీ అవతల మామ కనిపించాడు. రెండు చేతుల్లో రెండు గ్లాసులు. తొణక్కుండా, చంటిబిడ్డను మోసినంత మెల్లగా నడుస్తున్నాడు. ఎడ్విన్ గబుక్కున మూత వేశాడు.

"నీకు చక్కెర ఎక్కువ ఏపిచ్చినా," అన్నాడు కొండయ్య.

ఆ టీ అంత చేదు టీ ఎడ్విన్ ఎన్నడూ తాగలేదు.

తరవాత కొండయ్య అల్లుడి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఎడ్విన్ కదలకుండా కూర్చుని బేడీల గురించి ఆలోచించాడు. రాత్రికి ఇంటికి ఒక్కడే వెళతాడు. ప్రియ తలుపు తీస్తుంది. "నాయన యాడ?" అంటుంది.



* * *

హైదరాబాద్ బస్టాండులో దిగి, పక్కనే ఉన్న మెట్రో స్టేషన్ ఎక్కారు. కొండయ్యకు మెట్రో కొత్త. ఎస్కలేటర్ ముందు ఆగి, చెప్పులు విడవాలా అని అడిగాడు.

"అక్కర్లేదు మామా. గట్టిగా పట్టుకోండి."

"నిలబడి మెట్లెక్కేది! మీ అత్త దానమ్మకు మోకాళ్ల నొప్పులు, పిల్చుకొస్తే ఈడ్నే కాపురం పెడతాది."

పైన సామాన్ల స్కానర్. పెట్టె బెల్టు మీద లోపలికి పోయింది. ఎడ్విన్ సెక్యూరిటీ గార్డు భుజం మీదుగా తెర చూశాడు. ఉలులు సన్నగా, వరసగా. వాటి కింద నల్లటి ముద్ద.

గార్డు బెల్టు ఆపాడు. "పెద్దాయనా, గిదేంది? తెరువు."

"తెరిచేదెందుకు సామీ..." కొండయ్య ముఖం ఎర్రబడింది. అల్లుడి వైపు చూసి తల దించుకున్నాడు.

ఎడ్విన్ చెయ్యి జేబులోని బేడీల మీదకు పోయింది. 

మైనపుగుడ్డ విడింది. లోపల అరచేతిలో పట్టేంత రాతిరోలు. దానికి సరిపడా రోకలి. అంచు చుట్టూ సన్నటి మల్లెతీగ చెక్కి ఉంది.

"ఏలకులు దంచుకునేదానికి," అన్నాడు కొండయ్య సిగ్గుగా. "ఇంటికి పోయినాక మీ ఇద్దరి చేతుల్లో పెడదామనుకుంటి. నువ్వు ముందే చూస్తివి. సప్పగైపోయె."

ఎడ్విన్ రోలును చేతిలోకి తీసుకున్నాడు. అది ఎంత చల్లగా ఉందో అతని ముఖం అంత వేడెక్కింది.

"మామా," అన్నాడు, "మనం పోతాండేది హోటల్‌కు కాదు కదా?"

కొండయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రేసుల మైదానం. గుర్రప్పందేలు. ఆదివారం పూట సంఘ పెద్ద పందేల కాడికి పోయినాడంటే పాస్టరయ్య ఊరుకుంటాడా? మీ అత్త ఇంట్లోకే రానీదు. చెప్పొద్దు నాయనా. ప్రియక్కూడా చెప్పొద్దు."

అదీ ఆయన కుట్ర.

"ఈ ఉలులెందుకు మరి పెద్దాయనా? ఇనుము అలౌ లేదు," అన్నాడు గార్డు.

"పనికి పోతాండా సామీ. ఇదిగో గుర్రం," అని కొండయ్య ఫోన్ తీసి, ఫంక్షన్ నిర్వాహకులు నిన్న పంపిన ఫోటో చూపించాడు. చత్వారం వల్ల ఆ చిన్న తెరలో ఆయనకు గుర్రం ఆకారమే ఆనుతుంది. గార్డు మెత్తబడి, ఉలులన్నీ టేపుతో చుట్టి, పెట్టె ఇచ్చేశాడు.

కానీ ఎడ్విన్ చూపు ఫోటో మీదే ఉండిపోయింది.

ఆ గుర్రాన్ని అతను అంతకుముందు చూశాడు. పెళ్లైన వారంలో ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు, రోడ్డు వారన మామ షెడ్డులో. నల్లరాతి గుర్రం, ఎగిరే జూలు, బిగిసిన నరాలు. కళ్లుండాల్సిన చోట మాత్రం నున్నటి రాయి. "మర్చిపోయినారా మామా?" అని ఎగతాళి చేశాడు. కొండయ్య నవ్వలేదు. "కండ్లు తెరిస్తే అది చూసేదానికి మొదలుపెడతాది అల్లుడూ. మొదట చూసేది అది ఉండబోయే చోటు కావల్ల. షెడ్డులో తెరవకూడదు. మా గురువు దేవుళ్లకు చేసేటోడు, నేను గుర్రానికీ చేస్తా." సంఘ పెద్ద అయ్యుండి ఇదేంటి మామా అంటే, "చర్చి చర్చే, ఉలి ఉలే" అన్నాడు.

ఫోటోలో గుర్రానికి కళ్లున్నాయి.

"మామా, మీ గుర్రానికి కండ్లు తెరిచినారా?"

"ఈపొద్దు తెరుస్తా. దానికే కదా పోతాండేది! చిన్న పని మిగిలుందని ఆ హిమజమ్మకు చెప్పినా. ఏం పనో చెప్పలే. అందరికీ చెప్పేది కాదది."

ఎడ్విన్ ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. నల్లటి గుండ్రటి అద్దాలు. నడుమ ఎర్రటి చుక్క. తన చొక్కా గుండీలో ఉన్నదాని లాంటివే. కెమెరాలు.

అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. బాంబు పెట్టెలో లేదు. వారం క్రితమే గుర్రం లారీలో హైదరాబాద్ చేరింది. అక్కడ ఎవరో దాన్ని తొలిచి, కళ్లచోట బోడిరాయి చూసి శిల్పి పని అంతేననుకుని, కెమెరాలు బిగించారు. అవి ఒక ముఖం కోసం ఎదురుచూస్తున్నాయి. డాక్టర్ సంజీవయ్య గుర్రం మీది ముసుగు తీసి ఎదురుగా నిలబడగానే గుర్తుపడతాయి. గుర్రం పేలుతుంది. పక్కనే శిల్పీ పోతాడు. ఆయన ఇంట్లో చెప్పిన హోటల్ అబద్ధం ఒక్కటి చాలు, నేరమంతా ఆయన నెత్తిన పడటానికి.

గుర్రం ఇన్నాళ్లూ హిమజ దగ్గరుంది. పెట్టెలో బాంబుందని చెప్పిందీ హిమజే.

"ఏజెంట్, ఎక్కడున్నారు?" అంది చెవిలో తేనె గొంతు.

చీఫ్‌కు చెబితే ఆమె కూడా వింటుంది. వింటే కెమెరాల కోసం ఆగకుండా తనే మీట నొక్కి పేల్చేస్తుంది.

"మెట్రో ఎక్కుతున్నాం," అన్నాడు. "పెట్టె భద్రం."

* * *

రైలెక్కారు. కొండయ్య ఏసీ గాలికి మురిసి, సీటు తడిమి, కూర్చోబోయాడు.

"దిగాలి మామా. మలక్‌పేట వచ్చేసింది."

"ఇంతేనా! కూచోనే లేదే! తిరిగొచ్చేటప్పుడు కడకంటా పోదాం అల్లుడూ."

"పోదాం మామా," అన్నాడు ఎడ్విన్. తిరిగి రావడమంటూ జరిగితే.

రేస్‌కోర్సులో జనం కిటకిటలాడుతున్నారు. మైకులో గుర్రాల పేర్లు వరసగా వినిపిస్తున్నాయి. టోపీలు, బైనాక్యులర్లు, వేరుశనక్కాయల పొట్లాలు. కౌంటర్ దగ్గర రేసు పుస్తకాలు అమ్ముతున్న గుబురుమీసాల మనిషి శ్యాంసుందర్. మీసం ఒకవైపు ఊడుతోంది.

గ్యాలరీ ముందు పచ్చిక మీద, అరుగుపైన ఎర్ర పట్టు ముసుగు కింద గుర్రం. పక్కన డాక్టర్ సంజీవయ్య పిల్లాడిలా సంబరపడుతూ నిలబడ్డాడు. ఆ ముసుగుకు బాగా దూరంలో, నెమలికంఠం రంగు చీరలో, నల్లకళ్లద్దాలతో హిమజ. జనమంతా గుర్రాల కోసం వచ్చినా, సగం బైనాక్యులర్లు ఆమె వైపే తిరిగున్నాయి.

"రండి కొండయ్య గారూ! గుర్రం పక్కన నిలబడండి, ఫోటోకు," అంది ఆమె నవ్వుతూ.

ఎడ్విన్ మామ చెవిలో అన్నాడు: "మామా, ఫోటోలో మీ గుర్రానికి కండ్లున్నాయి. ఎవరో ముందే తెరిచినారు."

కొండయ్య ఆగిపోయాడు. "ఏందీ?"

"ఆయమ్మనే అడగండి."

ఈ మాటతో ఆయన్ను ప్రమాదంలోకి తోస్తున్నానని ఎడ్విన్‌కు తెలుసు. కానీ హిమజ చూపు మళ్లించాలి, మామను ఆ అరుగుకు దూరంగా లాగాలి. రెంటికీ ఒకటే దారి. జాగ్రత్తగా పిల్చుకరా అన్న ప్రియ మాట గుర్తొచ్చింది.

కొండయ్య పెట్టె కింద పడేసి, పచ్చిక తొక్కుకుంటూ హిమజ మీదకు నడిచాడు.

"ఏమ్మా! నా గుర్రానికి కండ్లు తెరిచినోడెవడు?"

"తరవాత మాట్లాడదాం పెద్దాయనా..."

"తరవాతేంది! ఎవడు ఉలి పెట్టినాడు చెప్పు! వాని చేతులు..."

బ్యాండు మోగింది. డాక్టర్ సంజీవయ్య ముసుగు తాడు పట్టుకున్నాడు. అదే సమయానికి ట్రాక్ మీద గేట్లు తెరుచుకున్నాయి. గుర్రాలు ఒక్కసారిగా దూకాయి. జనం లేచి అరిచారు.

ఎడ్విన్ పరుగెత్తాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. పిస్తోలు ఉన్నా పనికిరాదు, రాతిలో బాంబుంది. చేతికి స్టీలు డబ్బా తగిలింది. మూత ఊడగొట్టాడు.

ఎర్ర పట్టు జారింది. నల్లరాతి గుర్రం బయటపడింది. శాస్త్రవేత్త చేతులు చాచి, చిరునవ్వుతో దాని ముఖం ముందుకు వచ్చాడు. నల్లటి కళ్లలో ఎర్రచుక్కలు వెలిగి, ఆయన్ను వెతుక్కుంటూ మెల్లగా తిరిగాయి.

ఎడ్విన్ అరుగు మీదకు ఎగిరి, కుడికంటి మీద ఒక ఓళిగ, ఎడమకంటి మీద ఒక ఓళిగ ఫెడేలున కొట్టాడు.

నేతికి, పూర్ణానికి అవి రాతికి అతుక్కుపోయాయి. అయినా రెండు చేతులూ తియ్యకుండా నొక్కిపట్టాడు. వేళ్ల కింద ఏదో సన్నగా గుర్రుమని, మళ్లీ గుర్రుమని, ఆగిపోయింది.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు సంజీవయ్య బిత్తరపోయి.

"వెనక్కి పోండి సార్! గుర్రం మంచిది కాదు!"

హిమజ ముఖంలో నవ్వు పోయింది. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. పూసుకోవడానికి కాదు. దాని అడుగున మీట ఉంది.

కానీ ఆ మణికట్టు అప్పటికే కొండయ్య చేతిలో ఉంది. నలభై ఏళ్లు రాయిని పట్టిన చెయ్యి. లిప్‌స్టిక్ సంగతి ఆయనకు తెలియదు, అక్కర్లేదు కూడా.

"యాడికి పోతాండావ్? జవాబు చెప్పి కదులు! కండ్లు తెరిచినోడి పేరు చెప్పు!"

"వదలండి!"

"పేరు!"

వేళ్లు తిమ్మిరెక్కి లిప్‌స్టిక్ పచ్చికలో రాలింది. శ్యాంసుందర్ ఊడిన మీసంతో వచ్చి దాన్ని చేతిరుమాలులో పట్టుకున్నాడు. ఎడ్విన్ జేబులోని బేడీలు చివరికి హిమజ చేతులకు పడ్డాయి.

"మీ మామ నిర్దోషని ఎప్పుడు తెలిసింది?" అన్నాడు శ్యాంసుందర్.

"మెట్రోలో సార్."

"అప్పటిదాకా?"

ఎడ్విన్ వంగి, మామ పచ్చికలో పడేసిన పెట్టెను ఎత్తుకున్నాడు.

* * *

బాంబు తీసేసిన తరవాత, సాయంత్రం ఎండలో కొండయ్య గుర్రం ముందు చాలాసేపు కూర్చున్నాడు. గుంతలు పడిన కళ్లను తడిమాడు. "మళ్లా వచ్చి రాయి అతికి తెరుస్తా," అన్నాడు దానితో. అల్లుడి వైపు తిరగలేదు.

తిరుగు మెట్రోలో, అన్నమాట ప్రకారం, మొదట ఆ చివరికి పోయారు. కొండయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద ఊరంతా దీపాలు వెలిగించుకుంటోంది.

"నువ్వు నేల పరీక్షలు చేసేటోడివి కాదు కదా?" అన్నాడు కిటికీలోకి చూస్తూనే.

ఎడ్విన్ చేతిలోని రోలును అటూ ఇటూ తిప్పాడు.

"కర్నూల్లో పెట్టె తెరిచినావు. తాడు ముడి నేను కట్టినట్ల లేదు."

ఎడ్విన్ తల దించుకున్నాడు. "మిమ్మల్ని అనుమానించినా మామా. మీరు టీ తెస్తాంటే కూడా. తప్పయిపాయ."

మెట్రో ఒక మలుపు తిరిగింది. ఎడ్విన్ మెడకు ఇంకా చుట్టి ఉన్న తువ్వాలును కొండయ్య సర్దాడు.

"నేను హోటల్‌కు పోలే. నువ్వు ట్రైనింగ్‌కు పోలే," అన్నాడు. "దానమ్మ కాడ నా నోరు నేను మూసుకుంటా. ప్రియ కాడ నీ నోరు నువ్వు చూసుకో. ఆ రోలు మాత్రం జాగ్రత్తగా పట్టుకో, పడేసేవు."

ఫోన్ మోగింది. ప్రియ.

"నాయన బాగుండాడా?"

"పక్కనే ఉండాడు. బాగుండాడు." ఈ మాట అన్నప్పుడు ఎడ్విన్ కళ్లు తడయ్యాయి.

"ఓళిగలు తిన్యావా?"

నిన్నటి నుంచి చెప్పిన అబద్ధాలన్నీ కుప్పపడి ఉన్నాయి. ఇంకొక్కటి చెప్పడానికి మనసు రాలేదు. ఒక్క నిజమైనా చెప్పుకుందామనుకున్నాడు.

"లేదు ప్రియా. రెండు ఓళిగలు రాతి గుర్రం కండ్లకు కొట్టినా."

 అవతల గాజులు గలగలమనేంత నవ్వు.

"కడుపు నిండింది, తినలేకపోతినని చెప్పరాదాప్పా!" అంది. "నీకు అబద్ధం చెప్పేదే రాదు."